తమ్ముణ్ణి చంపినందుకు గేటక్క ఫిర్యాదు

రైలుగేటు పక్క ఇల్లు,
కింది వరండా.

సీరియల్ కథలు రాసే పుల్లకు,

చెప్పి రాయిస్తున్నది గేటక్క. అసలు పేరు ఒకటి ఉండేది. దానితో పిలిచేవాళ్ళంతా పోయారు కాబట్టి ఇక్కడ దాని పని లేదు. వయసు కాగితాల్లో డెబ్బై నాలుగు, నా మోకాళ్ళనడిగితే ఇంకా ఎక్కువే చెబుతాయి. ఇంట్లో ఉండేది నేను, మేడ మీద గదిలో నా తమ్ముడు, కింది వాటాలో అద్దెకు టైలరమ్మ, ఆమె మొగుడు బస్సు కండక్టరు. నాకు అక్షరం ముక్క రాదు. రాస్తున్నది టైలరమ్మ. చెప్పింది చెప్పినట్టు, తిట్లతో సహా రాయమన్నాను. తిట్టు వచ్చిన చోటల్లా ఆవిడ పెన్ను ఎత్తేస్తోంది. దించమ్మా, రాయి అంటున్నాను.

ఫోను ఎందుకు చెయ్యలేదంటావేమో. చేశాను. "సార్ స్టోరీ డిస్కషన్‌లో ఉన్నారండీ" అంది ఒక పిల్ల. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. నా మేడ మీద ఉండి, నా వంట తిని, నా చేత చీవాట్లు తిని పెరిగిన పుల్లగాడు సారయ్యాడు. సరే, నోటిమాటకు దొరకనివాడు కాగితానికైనా దొరుకుతాడు.

నా ఫిర్యాదు ఇది. నా తమ్ముణ్ణి నువ్వు చంపావు.

తొమ్మిదేళ్ళు నువ్వు రాసే సీరియల్లో వాడు ఇంటిపెద్ద. వాడు గొంతు సవరించుకుంటే కోడళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయేవాళ్ళు. బజారుకెళితే కూరగాయలమ్మి పక్కకి పిలిచి, "పెద్దయ్యగారూ, ఆ చిన్నకోడల్ని మాత్రం నమ్మకండి" అని చెప్పేది. అలాంటివాడికి ముందు పక్షవాతం తెప్పించావు. నోరు పడిపోయిందన్నావు. నెలల తరబడి మంచంలో పడుకోబెట్టి కళ్ళతో ఏడిపించావు. అది చాలక కోమా అన్నావు, ఆ కళ్ళు కూడా మూయించావు. చివరికి చంపేశావు. ఇప్పుడు హాల్లో గోడ మీద వాడి ఫొటో. కోడళ్ళు దానికి దుమ్ము దులుపుతూ కుట్రలు చెప్పుకుంటున్నారు.

నువ్వు చంపిన రోజు ఎదురింటి సైకిలు షాపాయన షట్టరు దించేసి నన్ను పలకరించడానికి వచ్చాడు. "ఎంత పనైందక్కా!" అని కళ్ళు తుడుచుకున్నాడు. చచ్చినవాడు అప్పుడు మేడ మీద చొక్కాలు ఆరేసుకుంటున్నాడు. ఆయన పైకి చూసి, వాడికి కూడా సంతాపం చెప్పి మరీ వెళ్ళాడు.

ఒరేయ్ పుల్లా, నీకు ఆ మేడ గది గుర్తుందా? మీ ఇద్దరికీ కలిపి ఒక అద్దం, ఒక మంచి చొక్కా. వేషాల ఎంపికకి ఎవడు వెళితే వాడు అది తొడుక్కునేవాడు, రెండోవాడు ఇంట్లో బనీనుతో కూర్చునేవాడు. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేను. సాయంత్రం మీరు నాటకం చదువుకుంటుంటే గూడ్సు బండి వచ్చేది. మా తమ్ముడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, బండి మొత్తం వెళ్ళేదాకా బొమ్మలా నిలబడేవాడు. ఆఖరి పెట్టె దాటగానే ఆగిన మాట దగ్గర్నుంచే అందుకునేవాడు. నువ్వేమో బండి రాగానే డైలాగు మరిచిపోయి అరటిపండు తినేవాడివి.

అందుకే వాడికి వేషాలొచ్చాయి, నీకు రాలేదు. నువ్వు పెన్ను పట్టుకున్నావు. ఆ కడుపుమంట ఇన్నాళ్ళు దాచుకుని ఇప్పుడు కక్కావా? ఔనంటే ఔనను, కాదంటే ఎందుకు చంపావో చెప్పు. జవాబు రాకపోతే నేనే స్టూడియో గేటు దగ్గరికొస్తాను. గేటు దగ్గర నిలబడడం నాకు కొత్త కాదు. రైలుగేటు కాసే మా ఆయన జ్వరంతో పడుకున్న రోజుల్లో ఎర్రజెండా పట్టుకుని బళ్ళనాపినదాన్ని.

ఇది నా మాట.
గేటక్క ఎడమచేతి బొటనవేలి ముద్ర.
సాక్షులు: టైలరమ్మ, ఆమె మొగుడు కండక్టరు.


స్టూడియో రెండో అంతస్తు,
కథల గది.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందరి ముందూ విప్పాను. మొదటి పేరా చదవగానే మడిచి జేబులో పెట్టుకుని మెట్ల మీదకు వెళ్ళిపోయాను. అక్కడ కూర్చుని చదువుకున్నాను. నన్ను పుల్ల అని పిలిచి ఎన్నేళ్ళయిందో! ఇప్పుడు ఆ పేరు విన్నవాళ్ళు నా పొట్ట వైపు చూస్తారు.

కడుపుమంట లేదక్కా. వాడు నాకన్నా గొప్ప నటుడని ఆ బనీను రోజుల్లోనే ఒప్పుకున్నాను. మన మేడ మీద వాడు రాజు, నేను మిగతా పాత్రలన్నీ. రాజు తప్పుకుంటే సింహాసనం ఎక్కుదామని ఎప్పుడూ అనుకోలేదు. ఆ సింహాసనం నీ ట్రంకుపెట్టె, మూత ఒకవైపు సొట్టపోయి ఉండేది, ఎక్కితే గుచ్చుకునేది.

ఎందుకు చంపావంటే ఏం చెప్పను? సీరియల్ అంటే అంతే. ఛానెల్ వాళ్ళు కొత్తతరం కథ కావాలన్నారు. పెద్దవాళ్ళ పాత్రలు తగ్గించమన్నారు. చూసేవాళ్ళ లెక్కలు వారం వారం వస్తాయి, ఆ లెక్కల ప్రకారం మేం మనుషుల్ని పుట్టిస్తాం, చంపుతాం. ఇందులో నా ఇష్టం తక్కువ.

వాడెలా ఉన్నాడు? బయటికి వెళుతున్నాడా? రోడ్డు దాటేటప్పుడు ఎవరైనా తోడుంటే మంచిది, మీ గేటు దగ్గర లారీలెక్కువ. ఇంకొక మాట, ఏమీ అనుకోకు. వాడితో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడు. వెలుతురు నీ ముఖం మీద పడేలా కూర్చుంటే ఇంకా మంచిది. పెద్ద వయసులో మనుషులకు ముఖాలు చూసి మాట్లాడుకోవడం హాయిగా ఉంటుంది.

టైలరమ్మగారికి నమస్కారాలు. తిట్లు గుండ్రటి అక్షరాలతో చాలా అందంగా రాశారు.

నీ పుల్ల.


రైలుగేటు పక్క ఇల్లు,
వానకి వరండా తడిసింది, టైలరమ్మ మిషను గదిలోంచి.

ఒరేయ్ పుల్లా,

చెబుతున్నది గేటక్కే. వయసూ ఇల్లూ కిందటిసారి చెప్పినవే, రాస్తున్న చెయ్యి కూడా అదే.

నీ జవాబు రెండుసార్లు చదివించుకున్నాను. అందులో బెల్లం ఉంది, జవాబు లేదు. ఛానెల్ వాళ్ళు చెప్పారట, లెక్కలొచ్చాయట. మరి ఆ సీరియల్లో నానమ్మ వేషం వేసే ఆవిడ నాకన్నా పెద్దది. ఆవిణ్ణి చంపలేదే? ఆవిడ ఇప్పటికీ రోజూ మెట్లు దిగుతూనే ఉంది.

ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోమన్నావు. నేనేమన్నా పెళ్ళిచూపులకి కూర్చున్నానా?

వాడెలా ఉన్నాడని అడిగావు. చెబుతాను విను. వాడి బతుకంతా దగ్గరుండి చూసినదాన్ని. అమ్మ పోయినప్పుడు నా చంకలో ఉన్నాడు. మొదటిసారి సినిమాలో మంచి వేషమని పిలిచారు. వీధంతా చెప్పుకున్నాడు. ఆ సినిమా సగంలో ఆగిపోయింది. ఇంకోదాంట్లో వేశాడు, మనమంతా టికెట్లు కొనుక్కుని వెళితే వాడి వీపు ఒక్కటి కనిపించింది. "ఆ వీపు నాదే అక్కా" అని చీకట్లో నా చెయ్యి గిల్లాడు. అప్పుడు కూడా నవ్వాడే గానీ ఏడవలేదు. ఆ తర్వాత టీవీ వచ్చి వాడికి ముఖమిచ్చింది. అప్పుడిల్లు మారాడు, పెళ్ళి చేసుకున్నాడు. కూతురు పుట్టింది. నెలకోసారి వచ్చి ఈ గుమ్మంలో కూర్చుని, నేను తిడుతుంటే వింటూ టీ తాగేవాడు. ఆ టీలు తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు మాట్లాడడు. అదీ సంగతి. మా మరదలు వెళ్ళిపోయే ముందు ఇక్కడికొచ్చి ఒక పూట కూర్చుంది. "వదినా, గోడతో మాట్లాడినా పెచ్చులైనా రాలతాయి. ఈయనకి అది కూడా లేదు. ఒంట్లో బాగోలేదన్నా, పిల్ల ఫోను చేసిందన్నా, అటు తిరిగి పేపరు చదువుకుంటాడు. తొమ్మిదేళ్ళు ఇంటిపెద్ద వేషం వేసి అది ఒంటికి పట్టేసింది" అంది. కూతురింటికి వెళ్ళిపోయింది. వాడు సూట్‌కేసు పట్టుకుని నా మేడెక్కాడు.

నేను ఆవిడ తప్పనుకున్నాను. ఇప్పుడు ఆవిడే నయమనుకుంటున్నాను. ఈ ఇంట్లో మాటంటే అరుపే, నీకు తెలుసుగా, రైళ్ళ మధ్య బతికే కొంప. ఎదురుగా నిలబడి అరిస్తే పలుకుతాడు. వెనక నుంచి పిలిస్తే ఉలకడు, పలకడు. మొన్న వేరే ఛానెల్ నుంచి ఇద్దరొచ్చారు, కొత్త సీరియల్లో వేషముందని. వాళ్ళు మెల్లగా, మర్యాదగా మాట్లాడారు. వీడు చిరునవ్వు నవ్వుతూ మహారాజులా కూర్చున్నాడు, ఒక్క మాటకి జవాబివ్వలేదు. వాళ్ళు మెట్లు దిగుతూ, "పొగరు ఇంకా దిగలేదు" అనుకోవడం నేను విన్నాను. ఎదురింటాయన కూడా విన్నాడు. నా తల కొట్టేసినట్టయింది.

పొగరుబోతుకి నా ఇంట్లో చోటులేదు. ఈ నెల దాటితే వాణ్ణి సూట్‌కేసుతో సహా కిందికి దించేస్తాను. పెంచినదాన్ని, దించడం కూడా వచ్చు. ఎక్కడికి పోతాడో నువ్వే చూసుకో. చంపినవాడివి నువ్వేగా.

గేటక్క వేలిముద్ర. సిరా ఎక్కువై పక్కన పడిన మచ్చ కూడా నాదే.
సాక్షులు: టైలరమ్మ. కండక్టరు డ్యూటీలో ఉన్నాడు, వచ్చాక సంతకం చేశాడు.


కథల గది, తలుపు గడియ పెట్టుకుని.

అక్కా,

దించకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వాణ్ణి దించకు.

వాడికిచ్చిన మాట తప్పుతున్నాను. తప్పకపోతే నువ్వు అన్నంత పనీ చేస్తావని నాకు తెలుసు.

మా దగ్గర పని ఎలా జరుగుతుందో నీకెప్పుడూ చెప్పలేదు. మేడ మీద మేం నాటకాలు బట్టీపట్టినట్టు ఇక్కడ ఎవరూ బట్టీపట్టరు. పట్టే వీలు లేదు. నేను ఇక్కడ పేజీ రాస్తుంటే కింద దానికి లైట్లు పెడుతుంటారు. కెమెరా వెనక ఒకడు నిలబడి డైలాగు మెల్లగా చదువుతాడు, ఆర్టిస్టు అది విని అంటాడు. దాన్ని ప్రాంప్టింగ్ అంటాం. చూసేవాళ్ళకి తెలియదు, గొంతులు తర్వాత కలుపుతాం. ఈ పని మొత్తం చెవి మీద నడుస్తుందక్కా. చెవి ఉంటే అసలు నటన రానివాడు కూడా గట్టెక్కేస్తాడు.

వాడికి చెవులు పోయాయి. ఒక్కరోజులో కాదు. ముందు ప్రాంప్టర్‌ని దగ్గరగా నిలబడమన్నాడు. తర్వాత అతని పెదాలు కనిపించేచోట నిలబడమన్నాడు. డబ్బింగ్ గదిలో చెవులకు తగిలించుకునే వాటిలో సౌండు చివరికంటా పెట్టుకునేవాడు. ఒకరోజు పెద్ద సీను. ఒకే మాట ప్రాంప్టర్ అరిచి అరిచి చెప్పాడు. వాడు నిలబడి చూస్తున్నాడు. లైట్ల దగ్గర ఎవడో, "చెవుడా సార్?" అన్నాడు. సెట్టంతా నవ్వింది. అందర్నీ చూసి వాడు కూడా నవ్వాడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా.

ఆ రోజు మేకప్ గదిలో నా చొక్కా పట్టుకున్నాడు. "నన్ను చంపెయ్‌రా. కానీ చెవిటివాణ్ణని మాత్రం బయటపెట్టకు" అన్నాడు. వెంటనే చంపడానికి నాకు చేతులు రాలేదు. అందుకే పక్షవాతం తెప్పించాను. నోరు పడిపోతే డైలాగు అక్కర్లేదు కదా. కళ్ళతో నటించాడు, ఆ నెలల్లో వాడిని చూసి యూనిట్లో ఏడవనివాళ్ళు లేరు. తర్వాత డైరెక్టర్ "యాక్షన్" అన్నది కూడా వాడికి తెలియడం మానేసింది. అందుకని కోమా. కళ్ళు మూసుకుని పడుకుంటే ఏమీ వినక్కర్లేదు. దాని తర్వాత రాయడానికి నా దగ్గరేమీ మిగల్లేదు.

డాక్టరు చెవికి పెట్టుకునే మిషనిచ్చాడు. దానిలో గోల వినిపిస్తుందట, మాట వినపడదట. మీ మరదలికి కూడా చెప్పలేదు. నీకు అసలే చెప్పొద్దన్నాడు. "మా అక్క దృష్టిలో నేనింకా ట్రంకుపెట్టె మీద రాజునేరా" అన్నాడు.

ఇన్ని ఊళ్ళుండగా, ఇంతమంది స్నేహితులుండగా, వాడు నీ ఇంటికే ఎందుకొచ్చాడో నాకిప్పుడు అర్థమైంది. అందరూ అరుచుకుని మాట్లాడుకునే ఇల్లు వాడికి లోకంలో అదొక్కటే తెలుసు.

ఈ ఉత్తరం వాడు దగ్గర లేనప్పుడు చదివించుకో.

నీ పుల్ల.


రైలుగేటు పక్క ఇల్లు,
వరండా.

కథలు రాస్తాడట కథలు!

ఆఖరి వాక్యం మొదట రాయాలని తెలియదురా నీకు? "వాడు లేనప్పుడు చదివించుకో" అని చివర రాస్తావా? నాకు ఉత్తరమంటే కాగితం కాదు, నాకు ఉత్తరమంటే టైలరమ్మ గొంతు. అది కూడా మామూలు గొంతా, మిషను తొక్కుతూ తొక్కుతూ పెరిగిన గొంతు. ఇక్కడ ఉత్తరం చదివితే ఎదురింటాయన చేతిలో పంపు ఆపి వింటాడు. ఆ రోజు ఆయన షాపు మూసి ఉండబట్టి సంగతి వీధికెక్కలేదు.

ఏం జరిగిందో రాయిస్తున్నాను. టైలరమ్మ మాటిమాటికీ మేడ వైపు చూస్తూ రాస్తోంది, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

వాడు ఈ వరండాలోనే ఉన్నాడు. మా పాత కుర్చీకి నవారు ఊడిపోతే ముందేసుకుని బిగిస్తున్నాడు, మాకు వీపు పెట్టి. నువ్వేదో చల్లటి మాటలు రాసుంటావు, వాడు కూడా వింటాడని నేనే అక్కడ చదవమన్నాను. ప్రాంప్టింగ్ దగ్గర నాకు విసుగొచ్చింది. "ఏమిటే ఈ సోది, తొందరగా చదువు" అన్నాను. ఆవిడ తొందరగా చదివింది. "వాడికి చెవులు పోయాయి" అని ఎలుగెత్తి చదివేసి, చదివాక అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను వాడి వీపు చూశాను. నవారు లాగుతున్నాడు. ఆగలేదు.

"చదువు" అన్నాను. చదివింది. చెవుడా సార్ అన్నది చదివింది. నన్ను చంపెయ్‌రా అన్నది చదివింది. వాడు ముడి వేసుకుని, అది గట్టిగా ఉందో లేదో కుర్చీ మీద అరచేత్తో కొట్టి చూసుకున్నాడు. తన బతుకంతా వెనకాల బిగ్గరగా చదువుతుంటే ఒక మనిషి కుర్చీ బాగుచేసుకుంటున్నాడు. అప్పుడు నేను వాణ్ణి పిలిచాను, చిన్నప్పుడు పిలిచే పేరుతో. అది నీకు కూడా తెలియదు, రాయించను. మామూలు గొంతుతో పిలిచాను, అరవకుండా. పలకలేదు.

ఆ తర్వాత నేనేం చేశానన్నది నీకనవసరం.

ఇక నీ సంగతి. చెవులు పోతే చంపుతారట్రా? కాలు పోయినవాడికి కుంటివాడి వేషమిస్తారు. చెవులు పోయినవాడికి చెవిటివాడి వేషమివ్వడానికి నీ చెయ్యి పడిపోయిందా? ఆ పక్షవాతం వాడికి కాదు, నీ పెన్నుకొచ్చింది.

వినపడక చెయ్యలేడంటావు. మేడ మీది రోజులు మరిచిపోయావు. రైలు మోతలో ఎవరు విన్నారు ఎవరి మాట? ఒక్కోసారి బండి మరీ పొడుగ్గా ఉంటే ఓపిక పట్టలేక, ఒకరి నోళ్ళు ఒకరు చూసుకుని సీను పూర్తి చేసేసేవాళ్ళు మీరిద్దరూ. నేను గరిటె పట్టుకుని మెట్ల మీద నిలబడి చూసేదాన్ని, నాకు కూడా ఏడుపొచ్చేది ఒక్క మాట వినపడకపోయినా. నాటకం మొత్తం వాడి కడుపులో ఉండేది. ముందుగా ఇస్తే ఇప్పుడు మాత్రం ఉండదా?

ముందురోజు రాసివ్వు. అంతే. లైట్లు పెడుతుంటే రాయడమేమిటి, పెళ్ళివారొచ్చాక పొయ్యి వెలిగించినట్టు? ఒక్కరోజు ముందు లేవడం నీకంత కష్టమా?

వాణ్ణి నేను దించడం లేదు. ఆ సంగతి మళ్ళీ ఎత్తకు.

గేటక్క వేలిముద్ర.
సాక్షులు: టైలరమ్మ. కండక్టరు. ఇద్దరి చేతా నోరు విప్పమని మాట తీసుకున్నాను. విప్పబోమని. తప్పు చెప్పాను, టైలరమ్మ కొట్టేయకుండా అలాగే ఉంచింది.


కథల గది.

అక్కా,

తిట్టు. ఇంకా తిట్టు. ఇన్నేళ్ళలో నన్నెవరూ తిట్టలేదు, అందుకే ఇలా తయారయ్యాను.

చెవిటివాడి వేషం గురించి నాకు తట్టలేదనుకోకు. వాడికి చెప్పాను, కాగితం మీద రాసి చూపించాను. వాడు చదివి, "మన సీరియల్స్‌లో చెవిటివాడు ఎందుకుంటాడ్రా? ఒకటి చెబితే ఇంకోటి విని నవ్వించడానికి. నా చెవులు పోయింది జనం నవ్వడానికి కాదు" అన్నాడు. నేనే రాశాను అలాంటి వేషాలు, ఒకటి కాదు.

నీ ఉత్తరం వచ్చాక ఒక పని చేశాను. కొత్త సీరియల్ ఒకటి మొదలవుతోంది. డైరెక్టర్ ఒక అమ్మాయి, నా కూతురి వయసు. అందులో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఆ పిల్లతో అన్నాను, ఆయనకి వినపడదు, కానీ ఆయన ఎవర్నీ నవ్వించడానికి లేడు, వీధిలో అందరి గుట్టూ ముఖాలు చూసి తెలుసుకుంటాడు అని. పిల్ల అది తన పుస్తకంలో రాసుకుని, ఎవరు చేస్తారంది. చెప్పాను. "ఆ సారా? కోమాలో కూడా నటించారండీ ఆయన" అంది.

ఒప్పుకుంది. వాడి పేజీలు ముందురోజు సాయంత్రానికి నీ ఇంటికి చేరతాయి. అది నా పూచీ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యని పని. "యాక్షన్"కి బదులు లైటు ఊపుతారు.

కానీ ఆ పిల్లది ఒక షరతు. మొదటిరోజు వాడు యూనిట్ అందరి ముందు నిలబడి, నాకు వినపడదు అని తన నోటితో చెప్పాలి. దాచిపెడితే చెయ్యనంది. దాచి పనిచేస్తే ఏ లైటో మీద పడుతుంది, ఎవరు అరిచినా తెలియదు అంది. న్యాయమే.

నేను అడగలేను. మాట తప్పినవాణ్ణి, వాడి ముఖం చూడలేను. వచ్చేవారం లోపల చెప్పాలి, లేకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారు. నువ్వు అడుగు.

పుల్ల.


రైలుగేటు పక్క ఇల్లు,
మేడ మీద గది.

పుల్లకు గేటక్క చెప్పి రాయిస్తున్నది.

ఇంట్లో ఉన్నవాళ్ళు మారలేదు. రాసే చెయ్యి మాత్రం మారింది, చూడగానే పోల్చుకుని ఉంటావు. రాస్తున్నది నా తమ్ముడు. నేను కిటికీ దగ్గర, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని చెబుతున్నాను. వాడు నా నోరు చూసి రాస్తున్నాడు. నాకు పళ్ళు లేకపోవడంతో కొన్ని మాటలు తేలడం లేదట. నీ రాత సంగతి చూసుకోరా అన్నాను. (అది మాత్రం స్పష్టంగా తేలింది.)

ఆ బ్రాకెట్లలో ఉన్నది నేను చెప్పింది కాదు. మధ్యమధ్యలో వాడే ఏదో గీకుతున్నాడు. నాకు కనిపిస్తోంది.

ఎలా అడిగానో విను. చెవిటివాడికి రహస్యం చెప్పాలంటే అరవాలి. అరిస్తే వీధికి తెలుస్తుంది. రాయించి ఇద్దామంటే, చదివి చింపి జేబులో పెట్టుకుని అటు తిరుగుతాడు, ఆ వీపు నాకు మళ్ళీ చూడాలని లేదు. అందుకని సాయంత్రం గూడ్సు బండి వేళకి మేడెక్కి వాడి ఎదురుగా నిలబడ్డాను. గూడ్సు బండి వెళుతుంటే ఈ ఇంట్లో ఎవరికి మాత్రం వినపడుతుంది? ఇద్దరం సమానం.

ఇంజను దాటగానే, "నాకు తెలుసు" అన్నాను. గొంతు లేకుండా, పెదాలతోనే.

వాడు నా నోటి వంక చూశాడు. ముఖం తెల్లబోయింది. వాడి పెదాలు కదిలాయి. నాకు వినపడలేదు, కనిపించింది. "ఎవరు చెప్పారు?"

"పుల్ల."

నిన్నొక తిట్టు తిట్టాడు. (రెండు.) బండి వెళ్ళిపోయింది. ఇద్దరం దొంగల్లా నోళ్ళు మూసుకున్నాం. కింద టైలరమ్మ మిషను చప్పుడు నాకు వినిపిస్తోంది, వాడికి లేదు. అదే మొదటిసారి నేనా తేడాని ఎదురుగా చూడడం.

ఆ తర్వాతి బండికి నేను ఎక్కలేదు, వాడే దిగి వచ్చాడు. వంటింట్లో స్టవ్ కట్టేసి నా ఎదురుగా నిలబడ్డాడు. బండి వెళుతున్నంతసేపూ మాట్లాడుకున్నాం. నీ గడియారాల వేషం చెప్పాను, ఆ పిల్ల షరతు చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "అందరి ముందూ చెప్పి నవ్వులపాలవమంటావా?" అన్నాడు.

అప్పుడన్నాను. "ఇన్నాళ్ళూ ఏమన్నార్రా నిన్ను? పొగరుబోతన్నారు. పొగరనుకునే పెళ్ళాం వెళ్ళిపోయింది. పొగరనుకునే వచ్చిన వేషం మెట్లు దిగిపోయింది. నీ అక్క నీ సూట్‌కేసు కిందికి దించబోయింది. చెవుడనుకుని పోయింది ఒక్కటి చూపించు."

నేనది అంటుండగానే ఆఖరి పెట్టె దాటిపోయింది. కప్పేందుకు బండి మోత లేక చివరి మాట బిగ్గరగా బయటపడింది. టైలరమ్మ మిషను ఆగింది. వాడు మాత్రం నా నోరే చూస్తున్నాడు, ఇంకా బండి వెళుతూనే ఉందన్నట్టు. తర్వాత స్టవ్ వెలిగించి టీ పెట్టాడు. ఇద్దరికీ.

మర్నాడు మా మరదలికి ఉత్తరం రాసుకున్నాడు. ఏం రాశాడో నేనడగలేదు. జవాబు రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. ఆవిడ విసిగింది కూడా నిజమే కదా. (అక్క మొదటిసారి ఆవిడ పక్షం మాట్లాడింది. తేదీ వేసి దాచుకుంటాను.)

ఇక నీకు చెప్పాల్సింది. వస్తాడు. ఆ పిల్ల చెప్పినట్టు అందరి ముందూ చెబుతాడు. వాడివి కూడా షరతులున్నాయట, అవి వాడే రాసుకుంటాడట. రాసుకోమన్నాను.

(పుల్లా. నువ్వు మాట తప్పావు, దాని లెక్క తర్వాత చూసుకుందాం. పేజీలు సాయంత్రం అన్నావు, చీకటి పడకముందే పంపు, రాత్రి అక్క పెదాలు కనిపించవు. టైలరమ్మ చదివి వినిపిస్తే, నాకు ఎదుటి పాత్రల డైలాగు చెప్పేది అక్కే. గడియారాల ఆయన జోకులేస్తాడు. ఆయన మీద ఎవరూ వెయ్యరు. ఒక సీనులో మాత్రం ఆయన్ని పూర్తిగా వెనక్కి తిరిగి పని చేసుకోనివ్వు, వెనకాల ఎవరో ఆయన గురించి మాట్లాడాలి. ఆ సీను నాకు ప్రాంప్టింగ్ లేకుండా వచ్చు. ఆ కుర్చీ రోజు సంగతి అక్క చెప్పింది.)

ఏం రాశావో చదవమన్నాను. మొదట్నుంచీ మొత్తం చదువు, నేను చెప్పింది చెప్పినట్టు ఉందో లేదో తెలియాలి, వేలు ఊరికే వెయ్యను అన్నాను.

చదివాడు. చదివాక రాయిస్తున్న ముక్క ఇది. వాడి గొంతు ఎంత పెద్దదో వాడికి తెలియదు. మేడ మీద కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. పూర్వం రాజు వేషంలో చదివినట్టు, ఎక్కడా తగ్గకుండా చదివాడు. చెవిటివాడికి రహస్యం అన్న దగ్గర కింద సైకిలు పంపు చప్పుడు ఆగిపోయింది. చూపించు అన్న దగ్గరికొచ్చేసరికి గేటు దగ్గర ఆగిన బస్సులోంచి కూడా తలలు పైకి లేచాయి. మెల్లగా చదవమని చేత్తో సైగ చేద్దామనుకున్నాను. చెయ్యి సగం లేచింది. దించేశాను. చదవనీ.

చదవడమయ్యాక కాగితం దించి చూశాడు. వీధిలో అందరూ పైకి చూస్తున్నారు. వాడికి అర్థమైంది. నా వంక తిరిగి, "ఎంతదాకా వినిపించింది?" అన్నాడు.

"మొత్తం" అన్నాను.

వాడు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "నాకు వినపడదు" అన్నాడు. "మాట్లాడాలంటే ముందుకొచ్చి మాట్లాడండి."

ఎవరూ నవ్వలేదు. సైకిలు షాపాయన చేతిలో పంపు కింద పెట్టి, రోడ్డు దాటి, మెట్లెక్కి వచ్చి వాడి ఎదురుగా నిలబడ్డాడు.

గేటక్క ఎడమచేతి బొటనవేలి ముద్ర.

రాసినవాడు: తమ్ముడు.

సాక్షులు: టైలరమ్మ. ఆమె మొగుడు కండక్టరు, బస్సు దిగి వచ్చి. ఎదురింటి సైకిలు షాపాయన, ఎవరూ పిలవకుండానే.